ముఖానికి సర్జరీ అయ్యాక ఇంట్లో మానుకోవాల్సిన అలవాట్లు

ముక్కు ఆకారం సరిచేసే రైనోప్లాస్టీకి ఆపరేషన్ థియేటర్‌లో పట్టేది మహా అయితే రెండు మూడు గంటలు. సరిచేసిన ముక్కు ఎముకలు గట్టిపడటానికి మాత్రం ఆరు వారాలు కావాలి. ముక్కు కొన దగ్గర వాపు పూర్తిగా దిగడానికి ఏడాది కూడా పట్టొచ్చు. ఇంత కాలం గడిచేది ఆస్పత్రిలో కాదు, ఇంట్లో. డిశ్చార్జి కాగితం మీద బరువులు ఎత్తొద్దని, ముక్కు చీదొద్దని, పొగ తాగొద్దని రాసి ఇస్తారు. నాలుక గీసుకుంటూ ఓకరించొద్దని, పోపు పెట్టేటప్పుడు వంటింట్లో నిలబడొద్దని, పెద్దల కాళ్లకు వంగి దండం పెట్టొద్దని ఏ కాగితం మీదా ఉండదు. ఇవన్నీ ఆలోచించి చేసే పనులు కావు, ఒళ్లు అలవాటుగా చేసేసేవి. ఇబ్బంది ఎక్కువగా వచ్చేది కూడా వీటితోనే.

చేయకూడని పనుల చిట్టా ఎంత పొడుగు రాసినా ఏదో ఒకటి మిగిలిపోతుంది. కారణాలు తెలిస్తే చిట్టాలో లేని పనిని కూడా ఎవరికి వారే తేల్చుకోవచ్చు. అవి నాలుగే. తలలోకి రక్తపు ఒత్తిడి పెంచే పని, కుట్ల మీద లాగుడు గానీ నొక్కుడు గానీ పడే పని, చర్మానికి రక్తం అందకుండా చేసే అలవాటు, రక్తం గడ్డకట్టనివ్వని మందు. ముక్కు, కనురెప్పలు, వదులైన ముఖ చర్మాన్ని బిగించే ఫేస్‌లిఫ్ట్, గడ్డం, సొట్టబుగ్గలు... ఏ సర్జరీ అయినా జాగ్రత్తలన్నీ ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతాయి. కింద చెప్పిన గడువులు సాధారణంగా పాటించేవి. సర్జన్ అంతకంటే ఎక్కువ చెబితే ఆ మాటే వినాలి.

తలకు రక్తం ఎగదన్నే పనులు

ముఖానికి రక్తనాళాలు దండిగా ఉంటాయి. ముఖం మీద గాయాలు త్వరగా మానేది అందువల్లే, త్వరగా నెత్తురు కారేదీ అందువల్లే. సర్జరీలో తెగిన సన్నని నాళాల మూతి దగ్గర రక్తం చిన్న ముద్దలా గడ్డకట్టి బిరడాలా నిలుస్తుంది. మొదటి కొద్ది రోజులు ఆ బిరడా చాలా మెత్తన. బీపీ ఒక్కసారిగా పెరిగినా, తల కిందికి వంచినా అది ఊడిపోతుంది. ఫేస్‌లిఫ్ట్ తర్వాత చర్మం కింద రక్తం చేరే హెమటోమా ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది. మగవారిలో, బీపీ అదుపులో లేనివారిలో ఇది ఎక్కువ. రోజూ వేసుకునే బీపీ మాత్ర సర్జరీ హడావుడిలో మరిచిపోకూడదు.

వంగే పనులు ఇంట్లో కోకొల్లలు. చెప్పుల పట్టీ పెట్టుకోవడం, ఇల్లు తుడవడం, మంచం కింద పడిన ఫోన్ తీయడం, సింకు మీదికి ఒరిగి ముఖం కడుక్కోవడం. పరామర్శకు వచ్చిన పెద్దవాళ్లకు అలవాటు కొద్దీ వంగి దండం పెట్టేస్తారు. రెండు మూడు వారాల పాటు చేతులు జోడిస్తే చాలు, ఎవరూ తప్పుపట్టరు. కింద ఉన్నది తప్పనిసరిగా తీయాల్సి వస్తే వీపు నిటారుగా, తల పైకే ఉంచి మోకాళ్లు వంచాలి.

బరువు విషయంలో మొదటి రెండు వారాలకు నాలుగైదు కిలోలు హద్దు. వంటగ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, బండతో కలిపితే 30 కిలోలకు దగ్గర. మంచినీళ్ల క్యాన్ 20 లీటర్లంటే 20 కిలోలు. రెండేళ్ల పిల్లాడు పది పన్నెండు కిలోలు ఉంటాడు. పిల్లల్ని ఎత్తుకోవడంలో బరువొక్కటే కాదు సమస్య. చంకనెక్కిన పిల్లాడు తల వెనక్కి విసిరితే సరిగ్గా ముక్కుకే తగులుతుంది. అతుక్కుంటున్న ఎముక పక్కకు జరగడానికి ఆ దెబ్బ చాలు. ఆరు వారాల దాకా పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవాలే తప్ప ఒళ్లో పడుకోబెట్టుకోకూడదు.

చాలామంది బయటికి చెప్పుకోని ఇబ్బంది మలబద్ధకం. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు, తగ్గిన తిండి, తగ్గిన నడక అన్నీ కలిసి మూడో రోజుకు పొట్ట బిగిసిపోతుంది. మరుగుదొడ్డిలో ముక్కినప్పుడు ముఖంలోకి ఎగదన్నే ఒత్తిడి బరువెత్తినదానికి తీసిపోదు. ఇది వచ్చాక మందు వెతకడం కంటే మొదటి రోజు నుంచే రాత్రి ఒక గ్లాసు నీళ్లలో రెండు చెంచాల ఇసబ్‌గోల్ తాగి, ఆపైన ఇంకో గ్లాసు నీళ్లు తాగడం నయం. నీళ్లు చాలకపోతే ఇసబ్‌గోలే బిగదీస్తుంది.

ఇక పొద్దుటి పళ్లు తోముకునే తంతు. నాలుక బద్దతో గొంతు దాకా గీకి, కళ్లలో నీళ్లు వచ్చేలా ఓకరిస్తే గానీ నోరు శుభ్రపడినట్టు అనిపించని వాళ్లు మన ఇళ్లలో చాలామంది. ఆ ఓకరింపుకు కళ్లు ఎర్రబడతాయి, నుదుటి నరాలు ఉబ్బుతాయి. కనురెప్పల సర్జరీ అయినవారికి అదే రక్తస్రావానికి దారి. బద్దను పక్కన పెట్టి, మెత్తటి బ్రష్‌తో నాలుక ముందు భాగం తుడుచుకుంటే చాలు. ముక్కు సర్జరీ అయితే పై పళ్లకు పిల్లల బ్రష్ వాడటం మంచిది. పెద్ద బ్రష్ పై పెదవిని లాగుతుంది, పై పెదవి ముక్కు మొదలును లాగుతుంది. ఖాండ్రించి ఉమ్మడం కూడా ఈ కోవలోదే.

తుమ్మును బిగబట్టకూడదు, నోరు మూసుకుని తుమ్మకూడదు. నోరు బార్లా తెరిచి తుమ్మితే గాలి అటే పోయి ముక్కు మీద దెబ్బ తగ్గుతుంది. అంతకంటే తుమ్ము రాకుండా చూసుకోవడం తెలివైన పని. ఎండుమిరపకాయల పోపు, కారం దంచడం, బూజు దులపడం, అగరొత్తులు, సాంబ్రాణి, దోమల చుట్ట... వీటికి కనీసం మూడు వారాలు దూరంగా ఉండాలి. వంట తప్పనివారు పోపు ఇంకొకరితో పెట్టించుకోవాలి.

ముక్కు చీదకూడదని అందరికీ తెలుసు. ఎగబీల్చడం కూడా అంతే చెడ్డదని చాలామందికి తెలియదు. లోపల పక్కులు కట్టి ముక్కు దిబ్బడగా ఉంటుంది. గోటితో లాగితే పక్కుతో పాటు కొత్తగా పట్టుకుంటున్న పొరా లేచి వస్తుంది, మళ్లీ నెత్తురు. రోజుకు నాలుగైదు సార్లు సెలైన్ (ఉప్పునీటి) స్ప్రే కొట్టి, కాసేపు ఆగి, కంటికి కనిపించేంత మేరకే దూదిపుల్లతో తుడిచి, ఇచ్చిన ఆయింట్‌మెంట్ అంచుకు రాయాలి. దూదిపుల్ల మొత్తం లోపలికి పోనివ్వకూడదు.

దిబ్బడకు ఇంట్లో మొదట చెప్పే వైద్యం ఆవిరి. సర్జరీ తర్వాత ఇంతకంటే పొరపాటు పని ఇంకోటి లేదనే చెప్పాలి. గిన్నె మీదికి వంగడం ఒకటి, వేడికి రక్తనాళాలు విచ్చుకోవడం రెండు, మొద్దుబారిన చర్మానికి కాలుతున్నా తెలియకపోవడం మూడు. పైగా ఆవిరికి ముక్కు మీది టేపు జిగురు కరిగి, ముక్కు కదలకుండా పెట్టిన గట్టి కట్టు (స్ప్లింట్) కదులుతుంది. అందులో బామ్ కూడా వేస్తే ఘాటుకు తుమ్ములు మొదలు.

యోగా అలవాటున్నవారు కపాలభాతి, భస్త్రిక, జలనేతి, శీర్షాసనం, సర్వాంగాసనం, సూర్యనమస్కారాలు ఆపేయాలి. నడక మాత్రం మర్నాటి నుంచే మొదలుపెట్టాలి. మంచం దిగకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. ఇంట్లోనే రెండు మూడు గంటలకోసారి ఐదు నిమిషాలు నడిస్తే సరిపోతుంది. జిమ్ నాలుగు వారాల తర్వాత, దెబ్బ తగిలే ఆటలు కనీసం ఆరు వారాల తర్వాత.

పడక

తల వైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో వెల్లకిలా పడుకోవాలి. వాపు పెరిగేది మొదటి 48 నుంచి 72 గంటలు. ఆ మూడు రాత్రులు ఇది ఎంత బాగా పాటిస్తే నాలుగో రోజు కళ్లు అంత తేలిగ్గా తెరుచుకుంటాయి. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ముక్కు, కళ్ల సర్జరీలకు రెండు మూడు దిండ్లు పేర్చుకున్నా ఫర్వాలేదు. ఫేస్‌లిఫ్ట్, మెడ సర్జరీలకు అలా కాదు. తల కింద మాత్రమే దిండ్లు పెడితే గడ్డం ఛాతీకి ఆనుకుని, మెడ చర్మం మడతపడి, అక్కడ రక్తం సరిగ్గా తిరగదు. వీపు మొత్తం లేచేలా ఏటవాలు దిండు గానీ పడక కుర్చీ గానీ వాడి, మెడ తిన్నగా ఉంచాలి. పక్కకు తిరిగే అలవాటున్నవారికి రెండు వైపులా బొంతలు ఆనించాలి.

పథ్యం

"పప్పు తింటే చీము పడుతుంది" అన్న మాట తెలుగు ఇళ్లలో ఇంకా గట్టిగానే ఉంది. పప్పు, గుడ్డు, పెరుగు, వంకాయ అన్నీ మాన్పించి పది రోజులు చారన్నం, ఇడ్లీలతో సరిపెడతారు. పెట్టేవాళ్ల ప్రేమలో లోపం లేదు గానీ, గాయానికి ఇది చేటు. చీము పట్టించేది బ్యాక్టీరియా, కందిపప్పు కాదు. తెగిన చర్మం అతుక్కోవాలంటే శరీరం కొత్త కొల్లాజెన్ (చర్మానికి బలమిచ్చే మాంసకృత్తు) అల్లాలి. అందుకు కావాల్సింది మాంసకృత్తులు, విటమిన్ సి. మామూలు రోజుల్లో కంటే ఈ సమయంలో కొంచెం ఎక్కువే కావాలి. కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల లెక్కన 60 కిలోల మనిషికి రోజుకు 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో 6 లేదా 7, పావు కిలో పెరుగులో 8 దాకా. చారన్నంతో ఈ లెక్క ఎప్పటికీ తేలదని చూడగానే తెలుస్తుంది. మెత్తని ముద్దపప్పు, గుడ్డు, పెరుగన్నం, పెసరట్టు, మెత్తగా ఉడికించిన చేప, జామ, బత్తాయి హాయిగా తినొచ్చు. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం డాక్టర్ చెప్పినంతే తినాలి.

మాన్పించాల్సినవి వేరే ఉన్నాయి. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయల్లోని ఉప్పు ఒంట్లో నీరు పట్టి ఉంచుతుంది. పొద్దున అద్దంలో కళ్ల కింద ఉబ్బు కనిపించేది దాని వల్లే. మంట పుట్టించే కారానికి ముక్కు కారుతుంది, ఆపైన ఎగబీల్చడం మామూలే. వేడి టీ, పొగలు కక్కే సాంబారు కూడా మొదటి వారం వద్దు. పెదవి మొద్దుబారి ఉంటే కాలింది కూడా తెలియదు.

గడ్డం ముందుకు తెచ్చే సర్జరీ, సొట్టబుగ్గల సర్జరీలలో కుట్లు సాధారణంగా నోటి లోపలే ఉంటాయి. చెక్కలు, జంతికలు, పల్లీపట్టి, ఎముక మాంసం రెండు మూడు వారాలు ముట్టకూడదు. గట్టి ముక్క ఒక్కటి గుచ్చుకున్నా కుట్టు తెగుతుంది. మెత్తనివి తిన్నా సరే, తిన్న ప్రతిసారీ పుక్కిలించాలి. కుట్టు సందులో ఇరుక్కున్న ఒక్క మెతుకు రాత్రికి పులిసి సూక్ష్మక్రిములకు తిండి అవుతుంది. గట్టిగా గుడగుడలాడించకుండా, నీళ్లు నోట్లో అటూ ఇటూ వంచి వదిలేయాలి. స్ట్రాతో పీల్చడం కూడా వద్దు. కిళ్లీ ఊసే ఎత్తొద్దు.

మాత్రలు, పొగ

తలనొప్పి వస్తే ఇంట్లో డబ్బా వెతికి డిస్ప్రిన్ వేసుకునే అలవాటు ఒక్కటి చాలు, సర్జన్ పడ్డ కష్టం వృథా కావడానికి. అది ఆస్పిరిన్. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లను పనిచేయకుండా చేస్తుంది, ఆ ప్లేట్‌లెట్లు చనిపోయి కొత్తవి వచ్చేదాకా, అంటే వారం పది రోజులు, ఆ ప్రభావం పోదు. ఐబుప్రోఫెన్‌ది అంత కాలం ఉండకపోయినా సర్జన్ రాస్తే తప్ప వాడకూడదు. పారాసెటమాల్ సురక్షితం. కానీ జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది కాబట్టి అన్నీ కలిపి రోజుకు మూడు గ్రాములు దాటకుండా లెక్క చూసుకోవాలి. చేపనూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి క్యాప్సూళ్లు, పసుపు సారం మాత్రలు రెండు వారాల ముందు నుంచే ఆపమంటారు. కూరలో వేసే వెల్లుల్లికి, పసుపుకు ఈ భయం అక్కర్లేదు. గుండెకు స్టెంటు వేయించుకుని ఎకోస్ప్రిన్ (ఇదీ ఆస్పిరినే) వాడుతున్నవారు ఇది చదివి సొంతంగా ఆపేయకూడదు. గుండె డాక్టర్, సర్జన్ మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం అది.

పొగ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఫేస్‌లిఫ్ట్‌లో చర్మాన్ని పొరలా లేపి, వెనక్కి లాగి, చెవి వెనక కుడతారు. ఆ లేపిన పొరకు రక్తం చెంప వైపు నుంచే అందాలి. చెవి వెనక అంచు అన్నిటికంటే దూరం. నికోటిన్ సన్నని నాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోటు ఆక్రమిస్తుంది. అసలే అరకొరగా రక్తం అందే ఆ అంచు మొదట ఊదాగా, తర్వాత నల్లగా మారి, చచ్చి ఊడిపోతుంది. మిగిలేది వెడల్పాటి మచ్చ. సర్జరీకి ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు మానేయమనేది ఇందుకే. సిగరెట్ మానేసి ఖైనీ, గుట్కా, నికోటిన్ గమ్, ఈ-సిగరెట్, హుక్కా పట్టుకుంటే నికోటిన్ మాత్రం మానినట్టు కాదు. దొంగచాటుగా తాగి దాచడం ఇంకా ప్రమాదం. సర్జరీకి ముందే నిజం చెబితే సర్జన్ తేదీ మారుస్తారు లేదా చర్మాన్ని తక్కువ లేపే పద్ధతి ఎంచుకుంటారు. మద్యం కనీసం రెండు వారాలు వద్దు. నాళాలను విచ్చదీసి వాపు పెంచుతుంది, నొప్పి మాత్రలతో కలిస్తే మత్తు ముంచేస్తుంది.

ఎండ, పసుపు, ముఖానికి కట్టే చున్నీ

పైకి మానినట్టు కనిపించే గాయం లోపల ఇంకా బలహీనమే. మూడు వారాల నాటికి మామూలు చర్మం బలంలో ఐదో వంతుకు అటూ ఇటూ వస్తుంది. మూడు నెలలు దాటాక కూడా 80 శాతం దగ్గరే ఆగుతుంది. అందుకే కుట్లు తీయగానే సున్నిపిండి పెట్టి రుద్దడం, ఫేషియల్, బ్లీచింగ్, థ్రెడింగ్ లాంటివి ఆ చుట్టుపక్కల చేయించకూడదు. జుట్టుకు రంగు వేయడం ఫేస్‌లిఫ్ట్ అయిన నాలుగు వారాల దాకా ఆగాలి. హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి కూడా వద్దు, చెవుల చుట్టూ స్పర్శ ఉండదు కాబట్టి కాలినా తెలియదు.

కుట్ల మీద పసుపు అద్దడం మంచి ఉద్దేశంతోనే చేస్తారు. వంటింటి పసుపు క్రిములు లేనిది కాదు. పొడి కుట్టు సందుల్లో ఇరుక్కుంటుంది, పసుపు రంగు కింద ఎరుపు కనిపించక ఇన్‌ఫెక్షన్ మొదలైనా రెండు రోజులు ఆలస్యంగా తెలుస్తుంది. నిమ్మరసం, కొబ్బరినూనె కూడా పచ్చి గాయానికి వద్దు. తలంటు మూడు వారాలు వాయిదా వేసుకోవాలి. నూనె మర్దనకు తల వంచాలి, కుంకుడు రసం కంట్లో పడితే కళ్లు నులుముకోకుండా ఉండటం ఎవరి తరమూ కాదు.

మన చర్మం ఎండకు త్వరగా నల్లబడుతుంది, లేత మచ్చ ఇంకా త్వరగా. ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఎండ తగలనివ్వకూడదు. కుట్లు తీసి, గాయం మూసుకున్నాక ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవున తీసుకుని ముఖానికి, మెడకు రాయాలి, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పచ్చి గాయం మీద మాత్రం గొడుగే సన్‌స్క్రీన్. హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద ఆడపిల్లలు ముఖానికి చున్నీ బిగించి కట్టుకుంటారు. ఎండకు, దుమ్ముకు మంచిదే గానీ, ఆ ముడి బిగువు సరిగ్గా ముక్కు దూలం మీదే పడుతుంది. హెల్మెట్ తొడిగేటప్పుడు, తీసేటప్పుడు బుగ్గలు, ముక్కు ఒరుసుకుంటాయి. హెల్మెట్ లేకుండా బండి ఎక్కడం పరిష్కారం కాదు. ఆరు వారాలు బండే ఎక్కకూడదు.

కళ్లద్దాల బరువు కొద్ది గ్రాములే అయినా రోజంతా ఒకే చోట ఆనితే మెత్తని ఎముకకు సొట్ట పడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు దూలం మీద ఆనకుండా, ఫ్రేమ్‌ను టేపుతో నుదుటికి అంటించుకోవాలి. కనురెప్పల సర్జరీ అయినవారు రెండు వారాలు కాటుక, మస్కారా, కాంటాక్ట్ లెన్సులు వాడకూడదు. ఫోన్ చూస్తున్నప్పుడు రెప్పలార్పడం తగ్గి కన్ను ఎండుతుంది, మంటకు చెయ్యి దానంతటదే కంటి మీదికి పోతుంది. తల మీదుగా తొడిగే బనియన్లు, టీషర్టులు పక్కన పెట్టి ముందు బొత్తాలున్న చొక్కా వేసుకోవడం అందరికీ మంచిది.

ముహూర్తం, విమానం టికెట్

పెళ్లి కుదిరాక ముక్కు సర్జరీకి వచ్చేవారు నలుగును లెక్కలోకి తీసుకోరు. ముఖమంతా నలుగు పెట్టి రుద్దడం, మంగళస్నానం, తెల్లవారుజామున బరువైన మేకప్, గంటల తరబడి హోమం పొగ, అప్పగింతల ఏడుపు. మానని ముక్కుకు వీటిలో ఏ ఒక్కటీ సరిపడదు. కనురెప్పలకైతే కనీసం ఆరు వారాలు, ముక్కుకైతే ఆరు నెలలు ముందుగా చేయించుకోవాలి. తప్పదనుకుంటే మూడు నెలలకు తగ్గకూడదు. అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చేవారు సర్జరీని సెలవు చివర్లో పెట్టుకుంటారు. దిగిన రెండు మూడు రోజుల్లోనే చేయించుకోవాలి. స్ప్లింట్ వారానికి తీస్తారు, విమానానికి రెండు వారాలు ఆగడం మంచిది. క్యాబిన్‌లో పొడి గాలికి ముక్కు లోపలి పొర ఎండి నెత్తురు వస్తుంది. పైన ఉన్న సామాను అరలోకి పెట్టె ఎత్తడం ఇంకో తప్పు. రెండో వారంలో ముఖం కాస్త ఇటూ అటూగా ఉంటే అద్దం ముందు నిలబడి వేళ్లతో నొక్కి చూడటం, వీడియోలు చూసి మసాజ్ చేసుకోవడం కూడా మానాలి. రెండు వైపులా వాపు ఒకేలా దిగదు. దిద్దుబాటు సర్జరీ గురించి ఆలోచించడానికి కూడా సాధారణంగా ఏడాది ఆగమంటారు.

ఫోన్ చేయడానికి ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాపు రెండు వైపులా ఉంటే మామూలే. ఒక వైపే గంట గంటకూ పెరుగుతూ, బిగుతుగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం చేరుతోందని అర్థం. ముక్కు రెండు వైపులా పూర్తిగా మూసుకుపోయి నొప్పి పెరుగుతుంటే మధ్య గోడలో రక్తం చేరి ఉండొచ్చు. దాన్ని తీయకపోతే మృదులాస్థి చచ్చి ముక్కు దూలం కుంగిపోతుంది. నిటారుగా కూర్చుని పావుగంట ఆగినా తగ్గని నెత్తురు, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, కుట్ల నుంచి చీము, నల్లబడుతున్న చర్మం, కాలి పిక్కలో నొప్పి, ఊపిరాడకపోవడం కూడా ఆగేవి కావు. కనురెప్పల సర్జరీ తర్వాత కన్ను ముందుకు పొడుచుకొచ్చినట్టై, తీవ్రంగా నొప్పి పుట్టి, చూపు మసకబారితే పొద్దున చూద్దామని పడుకోకూడదు. కంటి వెనక చేరిన రక్తం గంట రెండు గంటల్లోనే చూపును శాశ్వతంగా తీసేయగలదు. సర్జన్‌కు ఫోన్ చేస్తూనే దగ్గర్లోని ఎమర్జెన్సీకి బయల్దేరాలి. ఏ సర్జరీ, ఎన్నో రోజు, చివరిగా ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, చివరిగా ఎప్పుడు తిన్నారు అనే నాలుగు వివరాలు ఒక కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ల దగ్గర ముందే ఉంచాలి.